గుర్రం బండెక్కనంటే...

మొయినాబాద్, చేవెళ్ల వైపు ఫారాల్లో గుర్రాలను మీలో చాలామంది చూసే ఉంటారు. మా నాయన అలాంటి ఒక ఫారంలో సాయిస్. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. అయినా ఈ వ్యాసంలో రాసిన విద్య ఆయన దగ్గర నేర్చుకున్నదే.

నేను సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు, ఒక రాత్రి అక్కడి ఆడగుర్రానికి కడుపునొప్పి వచ్చింది. గుర్రం వాంతి చేసుకోలేదు, అందుకే కడుపునొప్పి దాని ప్రాణం మీదికి వస్తుంది. రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలకు తీసుకుపోదామని డీసీఎం తెప్పించారు. అది ఎక్కలేదు. నలుగురు లాగారు, ఒకరు కొరడా అందుకున్నారు. గుర్రం ముందరి కాళ్లు లేపి వెనక్కి గుంజింది. చేతికి చుట్టుకున్న తాడు నాయన అరచేతిని కోసేసింది. చివరికి డాక్టరునే ఫారానికి పిలిపించారు. అదృష్టం కొద్దీ బతికింది. "అది మొండిది కాదు బిడ్డా, భయపడ్డది" అన్నాడు నాయన.

ఎందుకు భయం? గుర్రం పరుగెత్తి ప్రాణం కాపాడుకునే జంతువు. దారి లేని ఇరుకు చోటు దానికి ఉచ్చులాంటిది. వెలుగులోంచి చీకట్లోకి వస్తే దాని కళ్లు మనకన్నా ఆలస్యంగా అలవాటు పడతాయి. కాబట్టి బండి లోపల దానికి గుహలా కనిపిస్తుంది. పైగా కాలి కింద చెక్క డబడబ మోగుతుంది.

ఆ తర్వాత నాయన చేసిన పద్ధతి ఇది:

1. మొదట చెక్కపలకను నేలమీద పరిచి, దానిమీద నడిపించాలి.

2. బండిని గట్టుకు ఆనించి నిలిపితే ఎక్కే వాలు తగ్గుతుంది. లోపలికి వెలుతురు రానివ్వాలి. చప్పుడు రాకుండా గడ్డి పరచాలి.

3. ఒక్క అడుగు ముందుకు వేసినా వెంటనే తాడు వదులు చేసి మెడ నిమరాలి. ఆ వదులే దానికి బహుమానం. అడుగు వేశాక కూడా లాగితే, వేసి లాభం లేదనుకుంటుంది.

4. ఎక్కడంతోపాటు నెమ్మదిగా వెనక్కి దిగడమూ నేర్పాలి. రోజుకు పావుగంట చాలు. అది నిమ్మళంగా ఉన్నప్పుడే ఆపాలి.

5. లోపల వెనక అడ్డకర్ర వేశాకే తల తాడు కట్టాలి. దించేటప్పుడు ముందు తాడు విప్పి, తర్వాత కర్ర తీయాలి. తాడును చేతికి చుట్టుకోవద్దు. గుర్రానికి సరిగ్గా వెనకాల నిలబడవద్దు.

ఇరవై రోజులకు ఆ గుర్రం తనంతట తానే ఎక్కింది. జంతువులను అనవసరంగా కొట్టడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. కొడితే పని కూడా కాదని ఆ రాత్రే చూశాను. అవసరం నెత్తిమీదికి వచ్చిన రాత్రి ఏదీ నేర్పలేం. ముందే, ఓపికగా నేర్పాలి.

ట్రంకు పెట్టెతో హాస్టల్ గేటు దగ్గర ఏడుస్తూ ఆగిపోయిన మొదటిరోజు మనకూ గుర్తుంది. ఆ రోజు చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయిన సీనియర్‌ను మరిచిపోలేదు కదా! ఈ ఏడు కొత్తగా వచ్చే తమ్ముళ్లకూ అలాగే చెయ్యి అందిద్దాం.