నీటి అడుగున వెలుగు.. చేసి చూస్తారా?

గోవాడ అంటే చక్కెర ఫ్యాక్టరీయే గుర్తొస్తుంది. చెరకు తోటల మధ్య చదువుకునే మాకు సముద్రం అడుగున వీడియో తీసే లైట్లతో పనేంటి అంటారా? మెకానికల్, ఎలక్ట్రానిక్స్ విద్యార్థులకు ఇదో మంచి ప్రాజెక్టు.

నీరు ముందుగా ఎరుపు రంగును మింగేస్తుంది. పది మీటర్ల లోతులో ఎర్రటి చేప కూడా బూడిద రంగులో కనిపిస్తుంది. అందుకే కెమెరాతో పాటు లైటూ దిగాలి.

చిన్న లైటులో పెద్ద వెలుగు కావాలంటే మొదటి చిక్కు వేడి. ఎల్‌ఈడీకి ఇచ్చే కరెంటులో సగానికి పైగా వేడిగానే మారుతుంది. అల్యూమినియం బాడీ ఆ వేడిని నీటిలోకి పంపాలి. ఒడ్డున వెలిగిస్తే త్వరగా కాలిపోతుంది. కాబట్టి వేడెక్కగానే వెలుగు తగ్గించే సర్క్యూట్ పెట్టాల్సిందే.

రెండోది ఒత్తిడి. ప్రతి 10 మీటర్లకు ఒక అట్మాస్ఫియర్ చొప్పున పెరుగుతుంది. ఓ-రింగ్ మీద ఒక్క వెంట్రుక ఉన్నా నీరు లోపలికి వచ్చేస్తుంది. లిథియం బ్యాటరీ తడిస్తే ప్రమాదం కూడా.

అందుకే ముందు ఖాళీ బాడీలో టిష్యూ పేపర్ పెట్టి, బరువు కట్టి, తాడుతో బావిలోకి దించండి. మీరు మాత్రం దిగొద్దు! గంట తర్వాత తీసి చూడండి. కాగితం పొడిగా ఉంటేనే సర్క్యూట్ బిగించండి.

క్యాడ్, పీసీబీ డిజైన్ నేర్చుకోండి. విశాఖలోని ఎన్‌ఎస్‌టీఎల్, చెన్నైలోని ఎన్‌ఐఓటీ పనిచేసేది నీటి అడుగు పరికరాల మీదే. వాటి నోటిఫికేషన్లపై ఓ కన్నేసి ఉంచండి. ఇంటర్వ్యూలో మీ తరఫున మాట్లాడేది ఆ పొడి కాగితమే.