ఒకే కలం పేరు - పలువురు రచయితలు

కలం పేరు అంటే ఏమిటో మీకు తెలుసు. భాగవతుల సదాశివ శంకరశాస్త్రి 'ఆరుద్ర' అనే పేరుతో రచనలు చేశారు. ఇక్కడ పేరు ఒకటి, మనిషి ఒక్కరే. మరి ఒకే కలం పేరుతో చాలామంది వ్రాయవచ్చునా? అమెరికాలో పిల్లల సాహస నవలల విషయంలో అలాగే జరిగింది.

పుస్తకాలు తయారైన విధానం

ఎడ్వర్డ్ స్ట్రాటెమయర్ (1862-1930) అనే రచయిత 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో ఒక సంస్థను స్థాపించారు. అందులో పని ఈ విధంగా సాగేది:

1. అధ్యాయాలవారీగా కథాసారాంశాన్ని సంస్థ తయారుచేసేది.
2. దాని ఆధారంగా ఒక రచయిత పూర్తి నవల వ్రాసేవారు.
3. సంస్థ దానిని సరిదిద్ది ప్రచురణకర్తకు అందజేసేది.
4. అట్టమీద మాత్రం సంస్థ కల్పించిన పేరు ఉండేది.

1927లో మొదలైన 'హార్డీ బాయ్స్' పుస్తకాలపై ఫ్రాంక్లిన్ డబ్ల్యు. డిక్సన్ అనీ, 1930లో మొదలైన 'నాన్సీ డ్రూ' పుస్తకాలపై కారొలిన్ కీన్ అనీ అచ్చువేశారు. నిజానికి అటువంటి రచయితలు లేనేలేరు. తొలి హార్డీ బాయ్స్ పుస్తకాలను కెనడా పత్రికా రచయిత లెస్లీ మెక్‌ఫార్లేన్ వ్రాశారు. నాన్సీ డ్రూ మొదటి 30 పుస్తకాలలో 23 పుస్తకాలు మిల్డ్రెడ్ బెన్సన్ అనే మహిళ వ్రాసినవి.

పేరు ఎవరి సొత్తు?

రచయితకు పుస్తకానికి ఇంత అని ఒకేసారి డబ్బు ఇచ్చేవారు. బెన్సన్‌కు మొదట 125 డాలర్లు ముట్టేవి. హక్కులన్నీ సంస్థవేనని ఆమె సంతకం చేశారు. కనుక పుస్తకాలు లక్షల సంఖ్యలో అమ్ముడైనా ఆమెకు అందులో వాటా రాలేదు.

ఆర్థికమాంద్యం రోజులలో ఆ మొత్తాన్ని 75 డాలర్లకు తగ్గించారు. బెన్సన్ వ్రాయనన్నారు. అయినా పుస్తకాలు ఆగలేదు. 8, 9, 10వ పుస్తకాలను వాల్టర్ కారిగ్ అనే పురుషుడు వ్రాశారు. అట్టమీద అదే 'కారొలిన్ కీన్'! ఉమ్మడి పేరువల్ల సంస్థకు కలిగే లాభం ఇదే. రచయిత మారినా పాఠకుడికి తెలియదు.

నిజం బయటపడిన తీరు

సంస్థ కొత్త పుస్తకాలను మరొక ప్రచురణకర్తకు ఇవ్వగా, పాత ప్రచురణకర్త కోర్టుకెక్కారు. 1980లో న్యూయార్క్‌లో జరిగిన విచారణలో బెన్సన్ సాక్ష్యం చెప్పారు. 50 ఏళ్ళ తరువాత ఆమె కృషి అందరికీ తెలిసింది. అయితే గుర్తింపు వచ్చినా, సంతకంతో వదులుకున్న హక్కులు తిరిగి రాలేదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఉమ్మడి కలం పేరువల్ల సంస్థకు కలిగిన లాభం ఏమిటి?
2. బెన్సన్‌కు అమ్మకాలలో వాటా ఎందుకు రాలేదు?
3. మీ పనికి సంబంధించిన ఒప్పందంపై సంతకం చేసేముందు ఏ విషయాలు చదివి తెలుసుకుంటారు?