బండి రెండుసార్లు నిండుతుంది

తాండూరు నుంచి బండలు వేసుకుని వచ్చే లారీని ఎప్పుడైనా శ్రద్ధగా చూశారా? దూరం నుంచి చూస్తే అది సగం ఖాళీగా వస్తున్నట్టే ఉంటుంది. తొట్టిలో అడుగున కాసిన్ని రాళ్లు, పైన అంతా ఆకాశం. అదే దారిన ఊక వేసుకుని వచ్చే లారీ చూడండి. తాళ్లు కట్టి, పరదా కప్పి, ఇరుపక్కలా పొట్ట పెంచుకుని, చెట్ల కొమ్మలు రాసుకుంటూ వస్తుంది. ఈ రెండింటిలో ఏది నిండిన బండి అని అడిగితే చాలామంది ఊక లారీనే చూపిస్తారు.

లెక్క వేద్దాం. తాండూరు నాపరాయి సున్నపురాయి జాతికి చెందినది. ఒక ఘనమీటరు రాయి సుమారు 2,600 కిలోలు తూగుతుంది. లారీ తొట్టి పొడవు ఐదున్నర మీటర్లు, వెడల్పు 2.2 మీటర్లు అనుకుంటే అడుగు వైశాల్యం సుమారు 12 చదరపు మీటర్లు. అందులో 10 టన్నుల రాయిని సమంగా పరిస్తే ఎత్తు ఎంత వస్తుంది? 32 సెంటీమీటర్లు. జానెడున్నర కూడా లేదు! వదులుగా పోసిన ఊక ఘనమీటరుకు 100 కిలోలే ఉంటుంది. దాన్ని అదే తొట్టిలో రెండు మీటర్ల ఎత్తున నింపినా రెండున్నర టన్నులు దాటదు.

అంటే ప్రతి బండీ రెండు విధాలుగా నిండుతుంది. ఒకటి చోటు నిండడం, రెండోది బరువు నిండడం. మొదటిది కంటికి కనబడుతుంది. రెండోది కనబడదు. రాళ్ల లారీ డ్రైవరుకు ఈ సంగతి పుస్తకం చదవకుండానే తెలుసు. తెలియనిది, బండిలో ఇల్లు కట్టుకుందామని బయలుదేరిన వారికి.

నిరుడు మా పదవ తరగతి విద్యార్థి ఒకడు నా దగ్గరికి ఇలాంటి సమస్యే తెచ్చాడు. వాళ్లది తాండూరు. నాన్నగారికి రాళ్లు పాలిష్ చేసే మిల్లు ఉంది. నాయనమ్మకు మోకాళ్ల నొప్పులు. రైలెక్కలేదు, బస్సులో గంటలకొద్దీ కాళ్లు ముడుచుకుని కూర్చోలేదు. కాని శ్రీశైలం, తిరుపతి, రామేశ్వరం చూడాలని ఆమె కోరిక. అందుకని పడకలు, వంటగది, స్నానాల గది ఉన్న బండి ఒకటి కొనాలని ఇంట్లో అనుకున్నారట. సినిమా తారలు షూటింగులప్పుడు వాడే ‘కారవాన్’ మీకు తెలుసు కదా! అటువంటిదే, కాకపోతే కుటుంబంతో ఊళ్లు తిరగడానికి చేసినది. (ఆ మాటకొస్తే కారవాన్ అనే మాట మనకు కొత్తది కాదు. వర్తకుల బిడారుల వల్ల హైదరాబాదులో కార్వాన్ అనే పేటకే ఆ పేరు వచ్చిందంటారు.)

“రెండు బండ్లు చూశాం సార్. రెండూ ఒకే కంపెనీ వ్యాను మీద కట్టినవే. ఒకదాంట్లో ఏసీ, ఫ్రిజ్, గాజు తలుపుల స్నానాల గది, చెక్క అలమారాలు అన్నీ ఉన్నాయి. రెండోది సాదాగా ఉంది. బాపు మొదటిదే తీసుకుందామంటున్నాడు. ఏది మంచిది సార్?” అన్నాడు.

“ఒక్కొక్కటి ఖాళీగా ఎంత తూగుతుందో కనుక్కురా” అన్నాను.

ఇక్కడ రెండు మాటలు తెలుసుకోవాలి. బండి రిజిస్ట్రేషన్ పత్రంలో రెండు బరువులు రాసి ఉంటాయి. ఒకటి ఖాళీ బరువు. మన 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం బండితోపాటు మామూలుగా వాడే సామగ్రి అంతా ఇందులోకి వస్తుంది, డ్రైవరు బరువు మాత్రం రాదు. రెండోది బండి, అందులోని మనుషులు, సామాను అన్నీ కలిపి మించకూడని మొత్తం బరువు. రెండోదానిలోంచి మొదటిది తీసివేస్తే మిగిలేదే మనం మోయించదగిన బరువు. మూడో తరగతి తీసివేతే! అయినా బండి కొనేవారు ఈ తీసివేత చేయరు. పరుపు నొక్కి చూస్తారు, అలమారా తెరిచి చూస్తారు. (విదేశీ పత్రికల్లోని బండ్ల వివరాలు చదివేవారు ఇంకొకటి గమనించాలి. ఐరోపా లెక్కలో 75 కిలోల డ్రైవరును, ట్యాంకులో పదింట తొమ్మిది వంతుల ఇంధనాన్ని బండి బరువులోనే కలుపుతారు.)

మరునాడు కుర్రవాడు అంకెలు తెచ్చాడు. రెండు బండ్లకూ మొత్తం బరువు 4,200 కిలోలే. కింది చట్రం, ఇరుసులు, బ్రేకులు ఒకటే కాబట్టి ఆ హద్దు మారదు. కాని డీజిల్ నింపి కాంటా మీద తూచితే సోకుల బండి ఖాళీగానే 3,700 కిలోలు వచ్చింది. సాదా బండి 3,200 కిలోలు. అంటే మొదటిదానిలో మనకు మిగిలింది 500 కిలోలు, రెండోదానిలో 1,000. ఏసీ, ఫ్రిజ్, గాజు తలుపులు అన్నీ ఆ కుటుంబానికి రావలసిన బరువును ముందే తినేశాయన్నమాట.

ఇక కుటుంబాన్ని తూచాము. నాన్న 75, అమ్మ 60, తాత 60, నాయనమ్మ 50, వీడు 45, చెల్లెలు 30. మనుషులే 320 కిలోలు. నీళ్ల తొట్టిలో 150 లీటర్లు, అంటే సరిగ్గా 150 కిలోలు. బియ్యం, పప్పు, వంటపాత్రలు 75. పరుపులు, దుప్పట్లు, బట్టల పెట్టెలు 80. రాత్రంతా ఫ్యాన్లు తిరగడానికి ఇన్వర్టరు బ్యాటరీలు రెండు కావాలన్నారు, అవి 110. మడత కుర్చీలు, చెల్లెలి సైకిలు, పరదా గుడ్డ కలిపి 40. మొత్తం 775 కిలోలు. సోకుల బండి ఎక్కితే 275 కిలోలు మించిపోతుంది. సాదా బండిలో ఇంకా 225 కిలోలు మిగులుతుంది.

ఈ లెక్క ఇంట్లో చదివి వినిపించగానే నాయనమ్మ, “ఇగ నన్ను దింపి పోతరా ఏందిరా?” అందట. ఆమెను దింపినా తగ్గేది 50 కిలోలే! నీళ్ల తొట్టి పూర్తిగా ఖాళీ చేసి, బ్యాటరీలు రెండూ తీసేసినా ఇంకా 15 కిలోలు ఎక్కువే ఉంటుంది.

నాన్నగారు అంతటితో ఊరుకోలేదు. మిల్లు మనదే కదా, సాదా బండి కొని దానికి తాండూరు బండలతో నేల వేయిస్తే చల్లగా, అందంగా ఉంటుందన్నారు. ఆలోచన బాగుంది! నేల నాలుగు మీటర్ల పొడవు, 1.8 మీటర్ల వెడల్పు. బండ మందం 2 సెంటీమీటర్లు. ఘనపరిమాణం 0.144 ఘనమీటర్లు. దాన్ని 2,600తో గుణిస్తే 374 కిలోలు. ఆరుగురు మనుషుల కన్నా నేలే ఎక్కువ తూగుతుంది! అదే నేలకు 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వేస్తే 60 కిలోలకు లోపే. ఇళ్లకు పేరు తెచ్చిన రాయి బండికి పనికిరాదు.

కాస్త మించితే ఏమవుతుందని మీరు అడగవచ్చు. చట్టం మాట ముందు చెబుతాను. 2019 సవరణ ప్రకారం హద్దు మించిన బండికి 20,000 రూపాయల జరిమానా, మించిన ప్రతి టన్నుకూ మరో 2,000 అని రాసి ఉంది. లైసెన్సుకూ బరువు హద్దు ఉంది. మన దేశంలో 7,500 కిలోలు దాటని బండి తేలిక వాహనం కిందికి వస్తుంది. ఐరోపాలో మామూలు కారు లైసెన్సుకు చాలాకాలంగా 3,500 కిలోల హద్దు ఉంది. అందుకే అక్కడ ఇలాంటి బండ్లు కట్టేవారు కిలో కిలోకూ లెక్క చూస్తారు.

చట్టం కన్నా కచ్చితమైనది భౌతికశాస్త్రం. వికారాబాదు నుంచి తాండూరు వెళ్లే దారిలో అనంతగిరి గుట్టలు దిగి ధారూరు వైపు పోవాలి కదా! 4,200 కిలోల బండి 100 మీటర్ల ఎత్తు దిగితే దాని స్థితిజ శక్తిలో సుమారు 41 లక్షల జౌళ్లు తగ్గుతాయి. వేగం పెరగకుండా దిగాలంటే ఆ శక్తి అంతా ఎక్కడో వేడిగా మారాలి. 14 లీటర్ల నీటిని, అంటే పెద్ద బిందెడు నీటిని, 30 డిగ్రీల నుంచి మరిగే దాకా కాచడానికి ఆ వేడి చాలు. డ్రైవరు బ్రేకు తొక్కిపట్టి దిగితే ఆ వేడి చాలావరకు బ్రేకులకే చేరుతుంది. వేడెక్కిన బ్రేకు పట్టు తప్పుతుంది. చిన్న గేరులో దిగమనేది ఇందుకే. అప్పుడు ఇంజను కూడా బండిని పట్టి ఉంచుతుంది. బరువు పెరిగినకొద్దీ ఈ బిందె కూడా పెద్దదవుతుంది.

మొత్తం బరువు హద్దులో ఉన్నంత మాత్రాన పని అయిపోలేదు. ఆ బరువు ఏ ఇరుసు మీద ఎంత పడుతుందన్నది మరో ప్రశ్న. దీనికి ఒక ప్రయోగం చేయండి. రెండు రబ్బరు ముక్కల మీద 30 సెంటీమీటర్ల ప్లాస్టిక్ స్కేలును పెట్టండి. ఒక రబ్బరు 5 దగ్గర, రెండోది 20 దగ్గర ఉండాలి. ఇవే ముందు ఇరుసు, వెనుక ఇరుసు. పదిరూపాయల నాణేలు మూడు దొంతిగా స్కేలు మధ్యలో పెట్టండి. ఏమీ కాదు. నాణేలను మెల్లగా వెనక్కి జరపండి. 20 దాటి కొంత దూరం పోగానే స్కేలు ముందు భాగం లేచిపోతుంది. నాణేలు పెరగలేదు, వాటి చోటు మారిందంతే. మీరు చదువుకున్న భ్రామకం ఇదే.

ఇప్పుడు బండికి వద్దాం. ఇరుసుల మధ్య దూరం నాలుగు మీటర్లు. నీళ్ల తొట్టి వెనుక ఇరుసుకు ఒక మీటరు వెనకాల ఉందనుకోండి. 150 కిలోల నీళ్లు వెనుక ఇరుసు మీద 150 కిలోలు కాదు, 187.5 కిలోలు మోపుతాయి. ఆ అదనపు 37.5 కిలోలు ఎక్కడివి? ముందు ఇరుసు మీద నుంచి తగ్గినవే! ముందు చక్రాలు తేలికైతే వాటికి రోడ్డు మీద ఘర్షణ తగ్గుతుంది, స్టీరింగు తిప్పినా బండి మాట వినదు. చెల్లెలి సైకిలును వెనుక తలుపుకు వేలాడదీయడం కూడా ఇలాంటిదే. తొట్టి రెండు ఇరుసుల మధ్య ఉన్న బండి మేలు.

నీళ్ల విషయంలో ఇంకో తమాషా ఉంది. స్నానం చేస్తే నీళ్లు అయిపోయాయి, బరువు తగ్గిందనుకుంటారు. ఆ మురికినీళ్లు బయట పారబోసేదాకా మరో తొట్టిలోకి చేరతాయి. శుభ్రమైన నీళ్ల తొట్టి మధ్యలోనూ, మురికినీళ్ల తొట్టి వెనుకా ఉంటే, స్నానాలు ముగిసేసరికి బరువంతా వెనక్కి నడిచిపోతుంది.

ఇరుసు బరువు రోడ్డుకూ ముఖ్యమే. 1958 నుంచి 1960 వరకు అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ప్రత్యేకంగా రోడ్లు వేసి, వాటి మీద బండ్లు తిప్పి పెద్ద పరీక్ష చేశారు. రోడ్డుకు కలిగే నష్టం ఇరుసు బరువు నాలుగో ఘాతానికి దాదాపు అనులోమానుపాతంలో ఉంటుందని అందులో తేలింది. ఇరుసు బరువు 20 శాతం పెరిగితే నష్టం రెట్టింపు దాటుతుంది. మన దేశంలో 2018లో నాలుగు టైర్ల వెనుక ఇరుసుకు హద్దును 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచారు. ఆ సూత్రం ప్రకారం నష్టం ఎంత పెరుగుతుందో మీరే కట్టి చూడండి. నాకు 60 శాతం పైగా వచ్చింది. రోడ్డును అడిగి చేసిన మార్పులా లేదు!

ఇరుసు బరువు తెలుసుకోవడం కష్టం కాదు. లారీలు తూచే కాంటా మీదికి ముందు చక్రాలు మాత్రం ఎక్కించి ఒకసారి, బండి అంతా ఎక్కించి ఒకసారి, వెనుక చక్రాలు మాత్రం ఉంచి మరోసారి తూయించాలి. ఎలక్ట్రానిక్ కాంటా పలక కింద ఉక్కు దిమ్మలు ఉంటాయి. బరువు పడగానే అవి కంటికి కనబడనంత స్వల్పంగా నొక్కుకుంటాయి. వాటికి అంటించిన సన్నని లోహపు పట్టీల విద్యుత్ నిరోధం దాంతో మారుతుంది. ఆ మార్పే అంకెగా కనిపిస్తుంది. కాంటా మీద వచ్చిన అంకెను టైరు మీది అంకెతో కూడా పోల్చాలి. టైరు పక్కన 121 అని సూచిక ఉంటే ఆ టైరు 1,450 కిలోల దాకా మోయగలదని అర్థం.

చివరికి వాళ్లు సాదా బండే కొన్నారు. నేలకు ప్లైవుడ్డే ఉంది. ప్రయాణం ముందురోజు అందరూ సామానుతో సహా ఎక్కి తాండూరులో తూయించారు. మా లెక్క ప్రకారం 3,975 కిలోలు రావాలి. కాంటా 4,060 చూపించింది. హద్దు లోపలే ఉన్నా, ఆ 85 కిలోలు ఎక్కడివని కుర్రవాడు బండి అంతా వెదికాడట. నాయనమ్మ మంచం కింద దుప్పటి కప్పి ఒక రుబ్బురోలు, రెండు జాడీల మామిడికాయ తొక్కు, పాతిక కిలోల తాండూరు కందిపప్పు ఉన్నాయి.