లోపలా? బయటా?

‘పేకాట స్థావరంపై టాస్క్‌ఫోర్స్ దాడి’. వరంగల్ జిల్లా పేజీల్లో ఈ శీర్షిక తరచూ కనిపిస్తుంది. ఎంత నగదు దొరికింది, ఎన్ని సెల్‌ఫోన్లు, ఎన్ని బైకులు పట్టుకున్నారు, అన్నీ రాస్తారు. ఆడిన ఆట ఏమిటి, అందులో డబ్బు ఎటు పోతుంది అన్నది మాత్రం ఉండదు. పట్టుబడ్డవాళ్ల ఇళ్లలో తెలియాల్సింది అదే.

పత్తాలాట అనగానే మనకు రమ్మీ, మూడు ముక్కలు గుర్తొస్తాయి. అవి కూర్చున్నవాళ్లు ఒకరి మీద ఒకరు ఆడుకునేవి. అందర్ బాహర్ అనే ఆట అలా కాదు. అందరూ కలిసి పత్తాలు పంచేవాడి మీద ఆడతారు. కోస్తాలో సంక్రాంతి బరుల దగ్గర లోనా–బయటా అని ఆడేదీ ఇదే.

ఆట నేర్చుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. కలిపిన కట్టలోంచి ఒక ముక్క తీసి మధ్యలో బోర్లా కాకుండా వేస్తారు. ఇస్పేట్ ఏడు పడిందనుకుందాం. చుట్టూ ఉన్నవాళ్లు లోపల మీదనో, బయట మీదనో డబ్బు పెడతారు. పంచేవాడు ఒకటి లోపలికి, ఒకటి బయటికి ముక్కలు వేసుకుంటూ పోతాడు. ఇంకో ఏడు ఎటు పడితే ఆ పక్క పెట్టినవాళ్లు గెలిచినట్టు. రంగుతో పనిలేదు. సగటున పదమూడో ముక్క దగ్గర ఆట తేలిపోతుంది. ఒక్కోసారి మొదటి ముక్కకే అయిపోతుంది, ఎంత సాగినా నలభై తొమ్మిదో ముక్క దాటదు.

రెండు పక్కలూ సమానమని చూసేవాళ్లకు అనిపిస్తుంది. కావు. ముక్కలు ముందు ఎటు మొదలుపెడితే ఆ పక్క గెలిచే అవకాశం 100కు 51.5, రెండో పక్కకు 48.5. ఈ తేడా కాసినోవాడికి తెలుసు కాబట్టి, మొదటి పక్క గెలిస్తే 100కు 90 రూపాయలే ఇస్తాడు. రెండో పక్కకు పూర్తి 100. లెక్క వేస్తే మొదటి పక్క మీద పెట్టిన ప్రతి 100లో సగటున 2 రూపాయల 15 పైసలు, రెండో పక్క మీద 3 రూపాయలు వాడికి మిగులుతాయి. మీరు ఎటు పెట్టినా వాడికి మిగిలేదే.

మూడు రూపాయలే కదా అనిపిస్తుంది. ఆట నిమిషాల్లో తేలిపోతుంది మరి. జేబులో రెండు వేలతో కూర్చున్నవాడు కూడా వందేసి చొప్పున వంద ఆటలు ఆడితే పది వేలు తిప్పినట్టు. మూడు రూపాయల కోత ఆ పది వేల మీద పడుతుంది. మన ఊళ్లలో రహస్యంగా నడిపే చోట గెలిచినవాడి దగ్గర కమీషన్ ఎంత తీసుకోవాలో నడిపేవాడే నిర్ణయిస్తాడు. అక్కడ అడిగే దిక్కు ఉండదు.

గోవా వెళ్లే కుర్రాళ్లు, అమెరికాలో ఉన్న మన వరంగల్ పిల్లలు కాసినోల్లో చూసే మరో ఆట బ్లాక్‌జాక్. అక్కడ ఆడేవాడి చేతిలో కొంత ఉంది. 21 దాటకుండా దానికి దగ్గరగా రావాలి. పంచేవాడు, అంటే డీలర్, 16 వరకు ముక్క తీసుకోవాల్సిందే, 17 దగ్గర ఆగాల్సిందే. డీలర్ దగ్గర తెరిచి ఉన్న ముక్క నాలుగు, ఐదు, ఆరుల్లో ఒకటైతే మీరు 12 దగ్గరే ఆగిపోవాలి. ఏడు, అంతకు మించి ఉంటే 17 వచ్చేదాకా తీసుకోవాలి. రెండు ఎక్కాలు, రెండు ఎనిమిదులు వస్తే విడదీయాలి. ఇన్సూరెన్స్ అని అడిగితే వద్దనాలి. 1962లో ఎడ్వర్డ్ థోర్ప్ అనే గణిత ఆచార్యుడు ఈ లెక్కల మీద పుస్తకమే రాశాడు. మంచి నిబంధనలున్న బల్ల మీద ఇవన్నీ తప్పకుండా పాటిస్తే 100కు అర్ధరూపాయి చొప్పున పోతుంది. అదీ ఎందుకంటే, మీరు ముందు 21 దాటితే మీ డబ్బు అక్కడికక్కడే పోయినట్టు. తర్వాత డీలర్ కూడా దాటినా అది తిరిగి రాదు.

అందర్ బాహర్‌లో ఇలాంటి తెలివికి చోటే లేదు. రమ్మీ విషయంలో 1967లో సుప్రీంకోర్టు, సికింద్రాబాద్ క్లబ్బు ఒకదాని కేసులో, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవడం, ఏది దాచాలో ఏది వదలాలో తేల్చుకోవడం నైపుణ్యమేనంది. మూడు ముక్కలాటను మాత్రం కేవలం అదృష్టం అంది. అందర్ బాహర్‌లో ఆ పాటి నిర్ణయం కూడా లేదు, ఎటు పెట్టాలన్న ఒక్కటి తప్ప. నా దృష్టిలో దీని ప్రమాదమంతా ఈ సులువులోనే ఉంది. అలసట లేదు, ఆలోచన లేదు, ఆగడానికి కారణం కనిపించదు.

పోయిన ప్రతిసారీ రెట్టింపు పెడితే ఎప్పుడో ఒకసారి అంతా వచ్చేస్తుందని చెప్పేవాళ్లుంటారు. వాళ్ల మాట నమ్మి ఇళ్లు గుల్ల చేసుకోవద్దు. వందతో మొదలుపెట్టి వరసగా ఏడుసార్లు పోతే అప్పటికి 12,700 పోయినట్టు. ఎనిమిదోసారి పెట్టాల్సింది 12,800. ఆ 90 రూపాయల పక్కనే పెట్టి గెలిచారనుకోండి, వచ్చేది 11,520. గెలిచాక కూడా 1,180 రూపాయల నష్టం.

చట్టం సంగతి. తెలంగాణ గేమింగ్ చట్టం 1974 నాటిది. 2017లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని కూడా రాష్ట్రం నిషేధంలోకి తెచ్చింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. పేకాట గదిలో దొరికినవాళ్లు ఆడటానికే వచ్చారని రాష్ట్ర గేమింగ్ చట్టం ముందే అనుకుంటుంది. ఊరికే చూడ్డానికి వచ్చానని చెబితే సరిపోదు, ఆ సంగతి రుజువు చేసుకోవాల్సింది వచ్చినవాడే.