పది పౌండ్ల టికెట్టు

ఇంగ్లండు నుంచి ఆస్ట్రేలియాకు ఓడ ప్రయాణం నూట ఇరవై పౌండ్ల దాకా పలికే రోజుల్లో, పెద్దవాళ్లు పది పౌండ్లు కడితే చాలన్నారు. పిల్లలకు అదీ అక్కర్లేదు. మిగిలిన ఖర్చు ప్రభుత్వాలదే. రెండో ప్రపంచయుద్ధం తర్వాత పాతికేళ్లలో ఇలా దాదాపు పది లక్షల మంది బ్రిటిష్ వాళ్లు సముద్రాలు దాటారు. వీళ్లకు ఆస్ట్రేలియన్లు పెట్టిన పేరు ‘టెన్ పౌండ్ పామ్స్’ (పామ్ అంటే అక్కడ బ్రిటిష్ వాళ్లకు మారుపేరు). పేరులో చనువూ ఉంది, కొంచెం చిన్నచూపూ ఉంది.

ఒక ప్రభుత్వం ఎదురు డబ్బిచ్చి మరీ జనాన్ని ఎందుకు పిలిపించుకుంటుంది? భయంతో. 1942 ఫిబ్రవరి 19న జపాన్ విమానాలు డార్విన్ ఓడరేవు మీద బాంబులు కురిపించాయి. యుద్ధం ముగిసేసరికి ఆస్ట్రేలియా జనాభా డెబ్బై అయిదు లక్షల లోపే. నేల చూస్తే మన దేశానికి రెండింతల పైమాట. ఇంత ఖాళీ జాగాను ఇంత తక్కువ మంది కాపాడుకోలేరన్న గుబులు దేశమంతా పాకింది. 1945లో వలసల కోసమే కొత్తగా ఒక మంత్రిత్వశాఖ పెట్టి ఆర్థర్ కాల్వెల్‌కు అప్పగించారు. జనాన్ని నింపుకోవడమా, నశించడమా అన్నదే అప్పటి నినాదం. అయితే వచ్చేవాళ్లు ఎవరైనా సరేనని కాదు. ఒక్క పరాయి దేశస్థుడు వస్తే పదిమంది బ్రిటిష్ వాళ్లు వస్తారని కాల్వెల్ జనానికి నచ్చజెప్పాడు. ఆ లెక్క నిలబడలేదు. అన్ని ఓడలూ లేవు, అంతమంది బ్రిటిష్ వాళ్లూ రాలేదు. చివరికి తూర్పు యూరప్ శరణార్థులకూ, ఇటలీ, గ్రీసు వాళ్లకూ తలుపు తీయాల్సి వచ్చింది.

రంగు విషయంలో మాత్రం పట్టు చాలాకాలం సడలలేదు. 1901 నాటి చట్టం ఆసియా వాళ్లను గుమ్మంలోనే ఆపడానికి డిక్టేషన్ పరీక్ష ఒకటి పెట్టింది. అధికారి తనకు తోచిన యూరప్ భాషలో ఓ పేరా చదువుతాడు, వచ్చినవాడు తప్పుల్లేకుండా రాయాలి. 1958 దాకా ఈ తంతు సాగింది. మన రైల్వే ఊళ్లలోని ఆంగ్లో ఇండియన్లకు ఈ గడప బాగా తెలుసు. ఇంట్లో మాట్లాడేది ఇంగ్లీషు, వెళ్లేది చర్చి, అయినా పూర్వీకుల్లో యూరప్ రక్తం ఎంతో, చూపులకు ఎంత తెల్లగా ఉన్నారో తేల్చుకోకుండా రానిచ్చేవారు కాదు.

ఇక బ్రిటన్ వైపు చూద్దాం. యుద్ధం గెలిచిన దేశమే, కానీ ఇంట్లో తిండికి కటకట. యుద్ధకాలంలో కూడా లేని బ్రెడ్డు రేషన్ 1946లో వచ్చింది, రెండేళ్లు నడిచింది. మాంసం రేషన్ 1954 దాకా పోలేదు. బాంబులకు ఇళ్లు కూలిన నగరాల్లో పెళ్లయిన జంటలు అత్తమామల ఇంట ఒక్క గదిలో సర్దుకునేవి. దానికి తోడు 1947 శీతాకాలం జనాన్ని వణికించింది. అలాంటప్పుడు ఎండలో మెరిసే సముద్రతీరం, సొంత ఇల్లు, దాని వెనుక పెరడు బొమ్మగా వేసిన పోస్టరు కనబడితే ఎవరి మనసు ఆగుతుంది? 1947 అక్టోబరులో ఆర్మండ్ అనే ఓడ ఈ పథకం కింద తొలి జట్టును ఎక్కించుకుని బయల్దేరింది.

పోస్టరు మీద అంత పెద్దగా కనబడని షరతు ఒకటుంది. వచ్చినవాళ్లు రెండేళ్లు కదలకూడదు. ముందే వెళ్లాలంటే ప్రభుత్వం పెట్టిన ఖర్చు తిరిగి కట్టాలి, వాపసు టికెట్టు సొంతంగా కొనుక్కోవాలి. నలుగురున్న కుటుంబానికి అది కొన్నేళ్ల కూడబెట్టు. పది పౌండ్లు టికెట్టు ధర అనుకోవడం కంటే రెండేళ్ల పూచీకత్తు మీద పెట్టిన సంతకం అనుకోవడమే నయం. దీన్ని మోసమని అననుగానీ, ఉచితంగా దొరికేదాని వెనుక ఉండే లెక్క మాత్రం ఇదే.

దిగాక చూసేది వేరు. బంధువులు గానీ యజమాని గానీ ఇల్లు చూపించినవాళ్లు తప్ప, మిగతా చాలామంది వలస హాస్టళ్లకు చేరారు. సైన్యం వాడి వదిలేసిన నిస్సెన్ గుడిసెలవి. ముడతల రేకును అర్ధచంద్రంలా వంచి బోర్లిస్తే వచ్చే ఆకారం. ఎండాకాలం లోపల పొయ్యి, చలికాలం మంచుగడ్డ. పడక గదికీ పడక గదికీ నడుమ పలుచని అడ్డుగోడ. వంట చేసుకోనివ్వరు, గంట కొట్టగానే మెస్సుకెళ్లి గొర్రె మాంసం తినాలి. మగవాళ్లు పనికి పోతారు. ఆడవాళ్లు పిల్లలతో ఆ రేకుల కిందే రోజంతా. ఇంటి బెంగ ఎక్కువగా వాళ్లనే తినేసింది. అమ్మకు ఫోన్ చేయాలంటే బాగా ఖరీదు, ఉత్తరం రాసి జవాబు కోసం కాచుకోవాలి. ఇంతలో నోరు జారి “మా ఊళ్లో అయితే...” అన్నారో, ఏడుపుగొట్టు పామ్‌లనే ముద్ర పడేది.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఇటలీ నుంచి వచ్చినవాడు పరాయి దేశానికి వచ్చానని తెలిసే వచ్చాడు. పక్కన తన ఊరివాళ్లను వెతుక్కున్నాడు, సంఘాలు పెట్టుకున్నాడు. బ్రిటిష్ వాడికి అదే భాష, అదే రాణి, అదే క్రికెట్. పరాయితనం ఉంటుందని ఎవరూ చెప్పలేదు, ఉందని చెప్పుకుంటే వినేవాళ్లూ లేరు. ఈ వలస చరిత్రను తవ్వి రాసిన హామర్టన్, థామ్సన్ తమ పుస్తకంలో వీళ్లను కంటికి కనిపించని వలసదారులన్నది అందుకే. వచ్చినవాళ్లలో సుమారు నాలుగోవంతు బ్రిటన్‌కు తిరిగి వెళ్లిపోయారు. వెళ్లినవాళ్లలో దాదాపు సగం, అక్కడి చలీ ఇరుకూ మళ్లీ చూశాక, ఇంకోసారి ఆస్ట్రేలియాకే వచ్చారు! వాళ్లకు ‘బూమరాంగ్ పామ్స్’ అని ఇంకో పేరు.

నిలదొక్కుకున్నవాళ్లకు కొదవేం లేదు. అడిలైడ్ ఉత్తరాన 1955లో రాణి పేరు మీద ఎలిజబెత్ అనే ఊరే కట్టారు, అక్కడ జనంలో ఎక్కువమంది బ్రిటిష్ వలసదారులే. పక్కనే హోల్డెన్ కార్ల ఫ్యాక్టరీ రెండు తరాలకు అన్నం పెట్టి, 2017లో మూతపడింది. వేల్స్‌లోని బ్యారీ పట్టణం నుంచి 1966లో ఒక కుటుంబం వచ్చింది. చిన్నపాపకు ఊపిరితిత్తుల జబ్బు, వెచ్చటి వాతావరణం మంచిదన్నారు. ఆ పాప జూలియా గిలార్డ్, 2010లో దేశ ప్రధాని అయింది. బీ జీస్ పాటల గిబ్ సోదరులు 1958లో మాంచెస్టర్ నుంచి వెళ్లి, 1967లో ఇంగ్లండు తిరిగొచ్చాకే ప్రపంచానికి తెలిశారు. పథకం ధర 1973లో డెబ్బై అయిదు పౌండ్లకు పెరిగింది, 1982తో అయిపోయింది. 2021 జనగణన నాటికీ ఆస్ట్రేలియాలో విదేశాల్లో పుట్టినవాళ్లలో ఇంగ్లండు వాళ్లదే మొదటి స్థానం, 9.27 లక్షలు. రెండోది మన దేశం, 6.73 లక్షలు.

‘మనవాళ్లమే కదా’ అన్న ధీమా ఎక్కువ దెబ్బతీసింది చట్టం దగ్గర. ఆస్ట్రేలియాకు సొంత పౌరసత్వమంటూ 1949 జనవరి 26 దాకా లేనే లేదు. అది వచ్చాక కూడా బ్రిటిష్ వాళ్లు పౌరసత్వం తీసుకోకుండానే ఓటు వేశారు, సర్కారీ ఉద్యోగాలు చేశారు. దాంతో చాలామంది దరఖాస్తే పెట్టలేదు. మెల్‌బోర్న్‌లో స్థిరపడిన మన పిల్లల్లా పాత పాస్‌పోర్టు వదులుకోవాల్సిన బాధ కూడా వాళ్లకు లేదు, అయినా పెట్టలేదు. 1984 జనవరి 26 నుంచి కొత్తగా ఓటు కావాలంటే పౌరసత్వం ఉండాలన్నారు, అప్పటికే జాబితాలో ఉన్నవాళ్లను కదపలేదు. 1999లో హైకోర్టు (అక్కడ అదే సుప్రీం) బ్రిటన్ కూడా పరాయి రాజ్యమేనని తేల్చి, బ్రిటిష్ పౌరసత్వం వదులుకోని సెనేట్‌కు గెలిచిన హెదర్ హిల్ ఎన్నికను రద్దు చేసింది. 2003లో ఇంకో తీర్పు వచ్చింది. 1974లో పసివాడిగా వచ్చిన ఒక బ్రిటిష్ వ్యక్తి కేసు అది. 1949లో పౌరసత్వ చట్టం అమల్లోకి వచ్చాక వచ్చి, ఆస్ట్రేలియన్ తల్లిదండ్రులు లేక, పౌరసత్వమూ తీసుకోని ప్రతివాడూ చట్టం దృష్టిలో పరాయివాడేనని కోర్టు చెప్పింది. 2014 సవరణతో, ఏడాది లేదా ఆపైన శిక్ష పడి జైల్లో ఉన్న విదేశీయుడి వీసాను తప్పనిసరిగా రద్దు చేసే ఏర్పాటు వచ్చింది. అమ్మ ఒళ్లో ఓడ దిగి, ఆస్ట్రేలియా బడిలో చదివి, అక్కడి యాసే మాట్లాడే మనిషి కూడా ఇందులోకి వస్తాడు. 1984కు ముందే ఓటరు జాబితాకెక్కిన పేరు ఉన్నా సరే, దేశం నుంచి పంపించేయడానికి అది అడ్డు రాదు.