ఏటిమొగలో ఒక రాత్రి

పులిగడ్డ దాటాక కృష్ణ ఒక్క నదిగా మిగలదు. ఒక పాయ ఎడమకు తిరిగి హంసలదీవి దగ్గర సముద్రంలో పడుతుంది. పెద్ద పాయ నాగాయలంకను ఒరుసుకుంటూ దిగి, కింద మళ్లీ మూడుగా చీలి గోలుముత్తపాయ, నడిమేరు, కృష్ణ అనే పేర్లతో కడలి చేరుతుంది. ఈ పాయల నడుమ లంకలు, దిబ్బలు, కనుచూపుమేర మడ అడవి. దివిసీమ అనగానే వరిచేలు, మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడు, మాఘ పౌర్ణమికి హంసలదీవి సాగరసంగమ స్నానాలు గుర్తొచ్చేవాళ్లు ఒక్కసారి ఈ నీళ్ల మీద పొద్దు గుంకేదాకా ఉండి, మళ్లీ పొద్దు పొడిచేదాకా అక్కడే ఆగి చూడాలి.

హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు బందరు రైలెక్కి గుడివాడలో దిగితే పామర్రు, కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డల మీదుగా నాగాయలంక చేరొచ్చు. శ్రీరామపాదక్షేత్రం ఘాట్ దగ్గర నది చెరువులా నిదానంగా, వెడల్పుగా ఉంటుంది. సముద్రం ఇంకా చాలా కిందే ఉన్నా దాని పెత్తనం మాత్రం ఇక్కడినుంచే మొదలు. నీరు రోజుకు రెండుసార్లు ఎక్కుతుంది, రెండుసార్లు దిగుతుంది.

ఈ సీమవాళ్లకు పడవలో తెల్లవారడం కొత్త సంగతేం కాదు. బెజవాడ దగ్గర కృష్ణకు 1855లో ఆనకట్ట పూర్తయ్యాక పంట కాలువలే ప్రయాణపు దారులయ్యాయి. 1908లో బందరుకు రైలు వచ్చేవరకూ, ఆ తర్వాత కూడా కొన్నాళ్లు, బందరు కాలువలో మనుషులూ ధాన్యమూ పడవల మీదే కదిలేవి. గాలి వాటంగా ఉంటే తెరచాప ఎత్తేవారు, లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడు భుజానికేసుకుని లాగేవారు. లాకు దగ్గర తలుపులు మూసి, అటూ ఇటూ నీటిమట్టం ఒకటయ్యేదాకా ఆగి, మళ్లీ సాగేవారు. తూర్పున ఏలూరు కాలువ గోదావరి కాలువలతో కలిసేది. దక్షిణాన కొమ్మమూరు కాలువ, దాన్నుంచి బకింగ్‌హామ్ కాలువ పట్టుకుంటే చెన్నపట్నం దాకా నీటి దారే. మూటాముల్లే సర్దుకుని, చద్ది కట్టుకుని, పడవలోనే చాప పరుచుకుని పడుకున్న తరాలు మనవి.

ఆ కాలువ పడవలు పోయాయి. ఇక్కడి ఏట్లో మాత్రం రాత్రి పని ఆగలేదు. చేపల వేటకు వెళ్లేవాళ్లు పోటును బట్టి వల వేస్తారు, ఆ పోటు నడిరాత్రి వస్తే నడిరాత్రే వేస్తారు. మేమూ అలాంటి పడవలోనే వెళ్లాం. వెనక ఇంజిను, ముందు లంగరు, మధ్యలో టార్పాలిన్ నీడ. రాత్రికి మడ అడవుల అభయారణ్యం హద్దు బయట, ఎదురుమొండి లంక వైపున ఏట్లో ఆగాలని అనుకున్నాం. దారిలో ఒక సన్నపాటి పాయ అందంగా కనిపించి, అందులోకి పోదామా బాబాయ్ అని అడిగితే సరంగు తల అడ్డంగా ఊపాడు.

“రేపు పున్నమి బాబూ. నీరు బాగా తీసేస్తది. అందులో లంగరేస్తే తెల్లారేలోపే పడవ బురదలో కూచుంటది. మళ్లీ పోటొచ్చేదాకా కదల్లేం.”

ఆయన లెక్కంతా తిథులతోనే. పున్నమికీ అమావాస్యకూ నీరు ఎక్కువ ఎక్కుతుంది, ఎక్కువ దిగుతుంది. అష్టమి దగ్గర ఆ తేడా తగ్గుతుంది. పోటు వేళ రోజుకు ముప్పావుగంటకు పైగా వెనక్కి జరుగుతూ పోతుంది. కాగితం మీద లేని ఆ పట్టికను బట్టే పడవను ఏటి మధ్యకు తెచ్చి లంగరు దింపాడు. తాడు బిగించకుండా చాలినంత వదులు ఇచ్చాడు. పోటుకు పడవ లేచినప్పుడు ఆ వదులు లేకపోతే లంగరు పెకిలి వచ్చేస్తుంది, పడవ కొట్టుకుపోతుంది.

చీకటి పడ్డాక స్టవ్ వెలిగించి పీతల ఇగురు, అన్నం వండారు. మండపీత డెక్కలు రోకలిబండతో చితక్కొట్టి తినే తిండి అది. తీరిగ్గా కూర్చోవాలి. తర్వాత ఇంజిను లేదు, దీపం లేదు. పడవ అడుగుకు చెవి ఆనిస్తే నూనెలో పోపు గింజలు పడ్డట్టు చిటపటలు. నీళ్లలో చిన్న రొయ్యలు డెక్క విదిలించే చప్పుడది. దూరంగా సముద్రపు హోరు ఒకటే ఎడతెగకుండా. మధ్యరాత్రి మెలకువ వచ్చి చూస్తే పడవ ముక్కు తిరిగిపోయి ఉంది. పడుకునేటప్పుడు సముద్రం వైపు చూసినది, పాటు మొదలయ్యాక నాగాయలంక వైపు చూస్తోంది.

తెల్లారేసరికి నీరు తీసేసి గట్టున బురద బయటపడింది. ఆ బురద నిండా మడచెట్ల ఊపిరి వేళ్లు నిలువుగా గుచ్చినట్టు లేచి ఉన్నాయి. బురద చేపలు ముందు రెక్కలతో కుంటుతూ వాటి మధ్య ఎగిరి ఎగిరి పడుతున్నాయి. ఇక్కడి చెట్లు తెల్ల మడ, నల్ల మడ, ఉప్పుపొన్న, తిల్ల. తిల్ల పాలు కంట్లో పడితే చూపు పోయేంత ప్రమాదం కనుక కొమ్మ విరవొద్దని పడవవాళ్లు ముందే చెబుతారు. 1989లో ఈ మడలను కృష్ణా వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. చేపలు పట్టి బతికే బావురుపిల్లికి ఇది ఇల్లు. దగ్గరి ఇసుక తీరానికి శీతాకాలం చివర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి.

ఈ నీటి అందం గురించి రాసేటప్పుడు 1977 నవంబరు 19ని దాటవేయడం నావల్ల కాదు. ఆ రోజు ఉప్పెన దివిసీమను ముంచేసింది. అధికారిక లెక్కే పదివేలమంది. అంతకు ముందు 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనకు సుమారు ముప్పైవేలమంది పోయారు. మడ దట్టంగా ఉన్న చోట కెరటం తాకిడి తగ్గిందని తీరంలో పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. పర్యాటకం పేరుతో ఒక్క మడచెట్టు కొట్టినా ఆ ఊళ్లకే అన్యాయం.

రాత్రి పడవలో గడపడానికి జనం వియత్నాంలోని హా లాంగ్ అఖాతానికి వెళ్తున్నారు, అలప్పుళ కెట్టువళ్లం ఇంటిపడవలకు వెళ్తున్నారు, మన దిండికి వెళ్తున్నారు. రేపు దివిసీమకూ వస్తారు, రావాలి కూడా. కానీ 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర అనుమతి లేని పడవ తిరగబడి ఇరవైమందికి పైగా చనిపోయింది ఈ కృష్ణలోనే. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో పడవ మునగడం చూశాం. 2025 జులైలో హా లాంగ్‌లోనూ గాలివానకు పర్యాటక నౌక బోల్తాపడి ముప్పైమందికి పైగా పోయారు. అందుకే ఇక్కడికి పెద్ద అంతస్తుల బోట్లు వద్దనే అంటాను. పదిమంది పట్టే పడవ, ఒంటి మీద లైఫ్ జాకెట్, అటవీశాఖ అనుమతి, వాతావరణ హెచ్చరిక ఉంటే కదలకపోవడం, చుక్కాని దగ్గర ఈ పాయల్లో పుట్టిపెరిగిన సరంగు. ఈ పద్ధతిలో అయితే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధమున్న రోజుల్లోనూ మత్స్యకారుల ఇళ్లకు నాలుగు డబ్బులు చేరతాయి.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది నీరు. శ్రీశైలం, నాగార్జునసాగర్, ప్రకాశం బ్యారేజీ దాటి వేసవిలో ఇక్కడికి వచ్చే మంచినీరు బాగా తగ్గింది. నది మోసుకొచ్చే ఒండ్రు తగ్గి, లంకల అంచులు కోతకు గురవుతున్నాయి. ఉప్పునీరు పైకి ఎగబాకుతోంది. మడకు ఉప్పుతో పాటు మంచినీరూ కావాలి, గుడ్డు నుంచి బయటపడ్డ చేపపిల్లకూ కావాలి. జెట్టీలు కట్టే బడ్జెట్‌తో పాటు, ఎండాకాలం బ్యారేజీ తలుపుల కిందినుంచి ఏటిమొగకు ఎంత నీరు వదలాలో కూడా లెక్క రాసిపెట్టాలి.