'దిద్దుబాటు' కథలో తలుపు: ప్రతీక, పాఠక ప్రతిస్పందన

గురజాడ అప్పారావు 'దిద్దుబాటు' 1910లో 'ఆంధ్రభారతి' పత్రికలో వెలువడింది. ఆధునిక తెలుగు కథ దీనితోనే మొదలైందా, భండారు అచ్చమాంబ కథలతోనా అన్న చర్చ ఇక్కడ అప్రస్తుతం. వేశ్యావ్యామోహాన్ని ఖండించిన సంస్కరణ కథగా దీనిని బోధించడం పరిపాటి. ఆ పఠనం తప్పు కాదు గానీ, అసంపూర్ణం.

కథ తలుపు కోసం వేసిన కేకతో ఆరంభమవుతుంది. పాటకచేరీ నుంచి అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరిన గోపాలరావుకు బదులు రాదు. తట్టగానే తలుపు దానంతటదే తెరుచుకుంటుంది; లోపల చీకటి. గడియ వేసి ఉంటే అది భార్య అలక అయ్యేది. గడియ లేకపోవడం వల్ల ఇంట్లో తన కోసం మేలుకొని ఉండే మనిషి లేదని అతనికి తెలుస్తుంది. రాత్రులు సభలకు వెళుతున్నానని అబద్ధమాడినవాడికి తెరిచిన తలుపే శిక్షగా మారింది.

కమలిని ఉత్తరం గ్రాంథికంలో ఉంది. కథలోని సంభాషణలు వాడుక భాషలో సాగుతుండగా, ఆమె భర్తను 'అయ్యా' అని సంబోధించి దూరం పాటిస్తుంది. అతనిని ముందుగా గాయపరిచింది ఆ సంబోధనే. చదువు నేర్పినవాడికి ఆ చదువుతోనే సమాధానం చెప్పింది.

విద్యార్థిదశలో ఈ కథ చదివి, చివర మంచం కింది నుంచి వినిపించే నవ్వుకు నేనూ నవ్వాను. పాఠం చెప్పడం మొదలుపెట్టాక నా దృష్టి సేవకుడు రాముడి మీద నిలిచింది. కోపం పట్టలేక గోపాలరావు అతని వీపున గుద్దుతాడు. వెంటనే పశ్చాత్తాపపడి లేవనెత్తుతాడు. ఆ తరువాత ఆ సేవకుడికే విద్యావతి అయిన స్త్రీ గొప్పదనాన్ని, శివుడు పార్వతికి అర్ధశరీరం ఇచ్చిన సంగతిని వివరిస్తాడు. ఈ వ్యంగ్యం గురజాడ ఎరిగి చేసినదేనని నా అభిప్రాయం. ఆడది యజమాని మాట వినాలన్న లోకరీతినే రాముడు తన యాసలో తిరిగి అప్పగించడం ఆ ఉపన్యాసానికి ఎదురుదెబ్బ. సంస్కరణభాష గోపాలరావు నోట ఎంత తేలికగా పలుకుతుందో, రాముడి దాకా చేరడం అంత కష్టం.

ఇబ్సెన్ 'ఎ డాల్స్ హౌస్' (1879) నాటకాంతంలో నోరా ఇల్లు వదిలి వెళ్ళగా తలుపు మూతపడిన చప్పుడు వినిపిస్తుంది. కమలిని మాత్రం వెళుతున్నానని రాసి, గడప దాటలేదు. దీనిని రాజీ అన్న విద్యార్థులు నా తరగతిలో ఉన్నారు. వారితో నేను పూర్తిగా ఏకీభవించను. ఆమె కోరింది భర్త దిద్దుబాటును గానీ వియోగాన్ని కాదు. వెళ్ళకుండానే, వెళ్ళగల అవకాశాన్ని అతనికి చూపింది. అయితే ఆమె నవ్వుతో దంపతుల లెక్క సరిపోయినా, రాముడి వీపు మీది దెబ్బల లెక్క ఆ గదిలో ఎవరూ తీయలేదు.